బొగ్గు లారీల తరుగు

రెంటచింతల అమ్మాయి జాస్మిన్ బీకాం పాసైన ఏడాదే మాచర్ల దగ్గరి సిమెంటు కంపెనీలో అప్రెంటిస్‌గా చేరింది. అకౌంట్స్ డిపార్ట్‌మెంటు, ఏడాది కాలం, నెలకు తొమ్మిది వేలు. కంపెనీ ఎంత పెద్దదంటే, లోపల పనిచేసేవాళ్లకు కూడా దాని యజమాని ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు. మొదటి నెలంతా జాస్మిన్‌కు అప్పజెప్పిన పని కాగితాలకు చిల్లులు పెట్టి ఫైళ్లలో గుచ్చడం. బీకాంలో దీని మీద ఒక్క పాఠం కూడా లేదని ఇంటికొచ్చి అమ్మతో అంది. మణెమ్మ మిరపకాయల కోతకు పోయి కూతుర్ని నరసరావుపేట హాస్టల్లో పెట్టి చదివించిన మనిషి. ఏసీలో కూర్చోబెట్టి, చిల్లులు పెట్టినందుకు తొమ్మిది వేలిస్తుంటే ఇంకేం కావాలని ఆమె అడిగింది.

కావలసింది ఒకటుంది. అప్రెంటిస్‌లు ముగ్గురు. ఏడాది తిరిగేసరికి అందులో ఒక్కరినే పర్మినెంటు చేస్తామని చేరిన రోజే చెప్పేశారు. మిగతా ఇద్దరూ ఎంబీఏలు, మేనేజర్‌తో ఇంగ్లీషులో గడగడా మాట్లాడేవాళ్లు. జాస్మిన్‌కు అదే మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. అందుకని ఆమె నోరు కట్టేసుకుని చేతులతోనే పని కానిచ్చేది.

ఆమెకు పని నేర్పింది సుందరరావు గారు. సీనియర్ అకౌంటెంటు, ముప్పై ఏళ్లుగా అదే కుర్చీ. రెండో నెలలో ఆయన బొగ్గు లారీల బిల్లులు ఆమె ముందు పెట్టాడు. పోర్టులో బొగ్గు ఎత్తినప్పుడు ఒక తూకం చీటీ ఇస్తారు. లారీ రెండు రోజులు ప్రయాణం చేసి కంపెనీ గేటు దగ్గరికొచ్చాక మన కాటా మీద ఇంకో తూకం వేస్తారు. బొగ్గు దించేసి ఖాళీగా పోయేటప్పుడు మళ్లీ తూస్తారు. ఈ రెండు తూకాల తేడా పోర్టు బరువు కన్నా ఎంత తక్కువొస్తే అంత తరుగు. తరుగు యాభై కిలోలు దాటితే ఆ బొగ్గు ఖరీదు లారీ ఓనరు కిరాయిలోంచి కోసేస్తారు. ఇంతే పని. పది రోజుల్లో జాస్మిన్‌కు అది చేతికి అలవాటైపోయింది.

మే నెల వచ్చింది. రెంటచింతల పేరు పేపర్లో పడేది ఆ ఒక్క నెలలోనే, అదీ ఎండ గురించే. అప్రెంటిస్‌ గడువు ఇంకో మూడు వారాలుంది. ఎవరూ అడగకుండానే జాస్మిన్ రెండు నెలల తరుగు మీద ఒక పట్టిక తయారుచేసింది. లారీల వాళ్లంతా దొంగలేనని ఆ ఎంబీఏలు ఇద్దరూ టీ తాగేటప్పుడల్లా అనేవాళ్లు. తన ఊళ్లోనూ లారీల వాళ్లున్నారు, ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. పట్టికలో చూస్తే పద్నాలుగు లారీల్లో పదింటికి ట్రిప్పుకు రెండొందల నుంచి రెండొందల యాభై కిలోల తరుగు. మిగిలిన నాలుగింటికి ఇరవై ముప్పై కిలోలకు మించలేదు. ఆ నాలుగూ రెంటచింతలవే. అందరికన్నా తక్కువ తరిగిన లారీ తమ పక్కింటి దానియేలుది. పుట్టినప్పటి నుంచి ఆమె అతన్ని బాబాయ్ అనే పిలిచేది. నాలుగు వరసలకూ ఆకుపచ్చ రంగు వేసి, కాగితం తీసుకెళ్లి సుందరరావు గారి ముందు పెట్టింది.

"మా ఊరోళ్లు సార్. ఒక్క కిలో పోనీరు," అంది.

ఆయన కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. పోర్టులో బొగ్గు దుమ్ము లేవకుండా ఏం చేస్తారని అడిగాడు. నీళ్లు కొడతారంది. రెండు రోజులు ఈ ఎండలో వస్తే ఆ నీళ్లేమవుతాయని అడిగాడు. ఆరిపోతాయంది. ఆ మాట అంటుండగానే ఆమె గొంతు తగ్గిపోయింది.

"తరిగినోళ్ల సంగతి నాకు తెలుసమ్మా," అన్నాడు సుందరరావు గారు. "తరగనోళ్లదే అర్థం కావటంలా. పక్కన కారణం అని ఒక గడి పెట్టి రేపటికి రాసుకురా. మేనేజర్ గారికి నీ పేరు మీదే పంపుతా."

కారణం ఆమెకు తన కుర్చీ చేరేలోపే తెలిసిపోయింది. పోయిన ఆదివారం పూజ అయ్యాక చర్చి నుంచి వస్తుంటే దానియేలు లారీ ఇంటి ముందు ఆగి ఉంది. క్యాబిన్ వెనక కట్టిన రెండొందల లీటర్ల డ్రమ్ములోకి అతను నీళ్లు పడుతుంటే, పైపు జారకుండా పట్టుకున్నది తనే. అక్కడి నుంచి కంపెనీ గేటుకు అరగంట దారి. నిండు డ్రమ్ముతో లారీ కాటా ఎక్కుతుంది. తూకం అయ్యాక, బొగ్గు దించే వరసలో నిలబడి డ్రైవర్లు ఆ నీళ్లతో స్నానాలు చేస్తారు. ఆ ఎండలో స్నానం చేసేవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? ఖాళీ తూకానికి వచ్చేసరికి డ్రమ్ము ఖాళీ. రెండొందల లీటర్ల నీళ్లు రెండొందల కిలోల బొగ్గుగా లెక్కలోకి ఎక్కుతాయి.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి తిన్నగా దానియేలు ఇంటికి పోయింది. అతను వాకిట్లో కూర్చుని టార్పాలిన్‌కు మాటు వేస్తున్నాడు. ఆమె చెప్పింది విని, కాదనలేదు.

"పోర్టులో నీళ్లు కొట్టి తూకం ఏస్తారు. ఆ నీళ్లు దార్లో ఎండ తాగుద్ది. ఎండ తాగినదానికి నా కిరాయిలో కోస్తారు, ట్రిప్పుకి రెండు వేలు. పోయిన నీళ్లే మళ్లీ పోసి ఇస్తన్నా. బొగ్గు ఒక్క పెళ్ల ముట్టలేదు అమ్మాయ్," అన్నాడు.

జాస్మిన్ మనసులోనే లెక్క కట్టి చూసింది. అతను చెప్పిన లెక్క సరిగ్గా ఉంది. ఇంతకీ ఎవరు పట్టుకున్నారని అతను అడిగాడు.

"నేనే బాబాయ్. ఎవరూ అడగలా. మనోళ్లు మంచోళ్లని చూపిద్దామని."

దానియేలు నవ్వాడు. అతను తిట్టినా ఆమె తట్టుకునేది గాని, ఆ నవ్వుకు ఏడుపొచ్చింది. రాయొద్దని మాత్రం అతను అడగలేదు. సూదిలోకి దారం ఎక్కించుకుని తన పనిలో పడ్డాడు.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే, తెలియదని రాసెయ్యమని మణెమ్మ చెప్పింది. జాస్మిన్ ఆలోచించింది. తెలియదని రాస్తే మేనేజర్ మనిషిని పంపి కనుక్కుంటాడు, దార్లో బొగ్గే దించుకుని నీళ్లతో బరువు సరిపెడుతున్నారని కేసు పెట్టినా పెడతాడు. పైగా పక్కింటి వాళ్లను దాచిందని తనకు చెడ్డపేరు, ఉద్యోగం ఎంబీఏల్లో ఒకరికి. ఇందులో న్యాయం ఎంత, ఉద్యోగం మీద ఆశ ఎంత అని విడదీసి చూసుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది. మనలో మాత్రం ఎంతమందికి ఉంటుంది?

మర్నాడు కారణం గడిలో రెండు విషయాలు రాసింది. ఒకటి, లోడు తూకానికి ముందే నీళ్ల డ్రమ్ములు ఖాళీ చేయించాలి. రెండు, వేసవిలో బొగ్గు ఆరి ట్రిప్పుకు రెండొందల కిలోలు తగ్గడం సహజం, దాన్ని లారీల వాళ్ల కిరాయిలో కొయ్యడం న్యాయం కాదు, ఆ మేరకు మినహాయింపు ఇవ్వాలి. సుందరరావు గారు చదివి అక్షరం మార్చలేదు. రెండోది తను పన్నెండేళ్ల కిందటే రాసి పంపానని మాత్రం చెప్పాడు.

సోమవారం పొద్దున్నే గేటు దగ్గర ఒక సెక్యూరిటీ మనిషిని పెట్టారు. డ్రమ్ము తలకిందులు చేసి చూపిస్తేగాని లారీ కాటా ఎక్కడానికి లేదు. రెండో విషయం పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. మీటింగులో మేనేజర్ జాస్మిన్‌ను లేచి నిలబడమని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. జూన్ మొదటి వారంలో ఆమెకు పర్మినెంటు ఆర్డరు వచ్చింది. మణెమ్మ పది ఇళ్లకు లడ్లు పంచింది.

పర్మినెంటయ్యాక బిల్లుల కౌంటరు ఆమెకే ఇచ్చారు. అక్కడ లారీ ఓనరు కోత ఒప్పుకుంటున్నట్టు సంతకం పెడితేగాని కిరాయి చెక్కు చేతికివ్వరు. నాలుగో రోజున వరసలో దానియేలు వచ్చాడు. అతని తరుగు రెండొందల పది కిలోలు. కోత లెక్క ఆమే కట్టింది, కింద పొట్టి సంతకం ఆమెదే. కాగితం కిటికీలోంచి అతని ముందుకు తోసింది. అతను ఇంటి కబుర్లేవీ ఎత్తలేదు. కోపంగానూ లేడు. ఆ ఆఫీసులో అందరితో ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడాడు.

"సంతకం ఏడ పెట్టాల, మేడం?"

జాస్మిన్ వేలితో చోటు చూపించింది. ఇక్కడ అని మాత్రం అనగలిగింది, బాబాయ్ అనలేకపోయింది. అతను సంతకం పెట్టి, చెక్కు తీసుకుని, వెనక ఉన్నతనికి దారిచ్చాడు.