పెళ్ళిచూపుల్లో నీళ్ళ డ్రమ్ము

ఆ రోజుల్లో మా దీవిలో, ప్రోతరాపూర్ తెలుగు ఇళ్ళల్లో ‘అవును’, ‘కాదు’ అనే మాటలకి పెద్దగా పని ఉండేది కాదు. అన్నం పెట్టమంటారా అని అమ్మ అడిగితే నాన్న “వాన తగ్గిందా” అనేవాడు, అమ్మ వెళ్ళి కంచం కడిగేది. ఆ రెండు మాటల మధ్య ఏం జరిగిందో నాకు అంతుపట్టేది కాదు. ఎనిమిదితో బడి మానేసినదాన్ని కదా, ఇలాంటివన్నీ తొమ్మిదో తరగతిలో చెబుతారు కాబోలు అనుకునేదాన్ని. (మా పిన్ని ఐదు కూడా చదవలేదు. ఆవిడకి అన్నీ అర్థమయ్యేవి. అదే నా కడుపుమంట.)

నా పెళ్ళి సంగతి వచ్చేసరికి ఆ మంట నెత్తికెక్కింది. అబ్బాయిది ఆస్టినాబాద్, డైరీ ఫార్మ్ అనే పేటలో స్కూటర్లు బాగుచేసే షెడ్డు. చర్చిలో అందరూ పాట ముగించి కూర్చున్నాక కూడా, వెనకబడిపోయిన ఆఖరి ముక్కని సిగ్గుపడకుండా పూర్తిగా పాడి మరీ కూర్చునేవాడు. ఎందుకోగానీ అది నాకు నచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తుంటే పిన్ని “ఆ కుర్రోడి గొంతు బాగానే ఉంటాదే” అంది, నేను చెప్పు సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగాను, అంతే, వాళ్ళింటికి కబురెళ్ళిపోయింది. ఇది కుదరకపోతే రెండో సంబంధం విశాఖపట్నంలో ఉంది. స్టీమరెక్కి సముద్రం దాటి వెళ్ళాలి. నేను దీవి విడిచి ఎరగను. నాన్న అప్పటికే టికెట్ల సంగతి వాకబు చేస్తున్నాడు.

అబ్బాయీ, వాళ్ళమ్మా ఆదివారం మధ్యాహ్నం వానలో తడుస్తూ వచ్చారు. నేనూ పిన్నీ వంటగది కర్టెన్ వెనక నిలబడ్డాం. “బస్సు దొరికిందా దీదీ?” అని మా అమ్మ అడిగింది. “దొరికింది, గానీ బహుత్ భీడ్. నిలబడే వచ్చాం” అందావిడ. తర్వాత వాన గురించి మాట్లాడుకున్నారు. వాన అయ్యాక చేపలు. చేపలయ్యాక కొత్తగా వేసిన రోడ్డు, ఆ రోడ్డు అప్పుడే ఎలా పాడయిందీ. “అబ్బాయి పనెలా ఉంది?” అని నాన్న అడిగితే “ఏదో, దేవుడి దయ భయ్యా” అంది. నా వంట సంగతి ఆవిడ అడిగితే అమ్మ చెప్పిందీ ‘ఏదో’నే. ఆ గదిలో ఉన్నవాళ్ళకి ‘ఏదో’ తప్ప ఇంకేం రాదేమో అనిపించింది.

“ఏటి పిన్నీ ఇది? నా ఊసెత్తరేం?” అన్నాను.

“నీ ఊసేనే అదంతా. నిలబడైనా వచ్చామంది, ఇన్లేదా? ఇష్టం లేనోళ్ళు అంత కష్టపడి వస్తారేటి?”

“కూర్చుని వస్తే ఇష్టం లేనట్టా?”

“నోర్మూసుకుని టీ పట్టుకెళ్ళు.”

టీ పట్టుకెళ్ళాను. అబ్బాయి తన బూట్ల వైపు చూస్తున్నాడు. వాళ్ళమ్మ మా గోడకి వేసిన రంగు బాగుందని చెబుతోంది. నాకు ఓపిక అయిపోయింది. కప్పు ఆవిడ చేతికిచ్చి, “ఆంటీ, నేను మీకు నచ్చానా లేదా? లేదంటే చెప్పేయండి, మా నాన్న స్టీమర్ టికెట్ తీసేస్తాడు” అన్నాను.

నాన్నకి దగ్గొచ్చింది. అమ్మ మెల్లగా “దానికి మొన్ననే జ్వరం వచ్చి తగ్గింది దీదీ” అంది. (నాకు ఏ జ్వరమూ రాలేదు.) ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, టీ ఊదుకుని ఒక గుక్క తాగి, నాన్న వైపు తిరిగింది.

“మీ వైపు నీళ్ళు రోజు విడిచి రోజు వదులుతున్నారా భయ్యా?”

“ఎక్కడ దీదీ, ఒక్కోసారి నాలుగు రోజులు పడతాది.”

“మా దగ్గరా అంతే. ఉన్న రెండు డ్రమ్ములూ ఇప్పుడైతే ఠీక్ హై. ఇక మీదట చాలవు. ఇంకోటి కొనాలి.”

నా బతుకు సంగతి నేనడిగితే ఈవిడ డ్రమ్ముల సంగతి చెబుతోంది. కళ్ళనిండా నీళ్ళతో లోపలికొచ్చేశాను. ఇక స్టీమరే అనుకున్నాను. ఇంతలో అబ్బాయి గొంతు, ఆ రోజుకి అదే మొదటిసారి, “నీలం రంగుదా, నల్లదా?” అంది. ఎవర్నడిగాడో తెలీదు, ఎవరూ జవాబివ్వలేదు. అంత ఒళ్ళుమంటలో కూడా జవాబు లేకుండా ఒక ప్రశ్న వేలాడుతుంటే నేను భరించలేను. “నీలమే” అని కర్టెన్ వెనక నుంచి అరిచాను. “నల్లదాంట్లో నాచు పట్టినా కనపడదు.”

ముందుగదిలో ఒక్కసారిగా అందరూ నవ్వారు. అమ్మ గొంతు వినిపించింది: “వదినా, కూర పొయ్యి మీదుంది, తిని వెళ్దురు గాని.” పిన్ని నోట్లో కొంగు కుక్కుకుని కిందకూర్చుంది.

“ఏటయింది పిన్నీ?”

“ఇంట్లో మనిషి పెరుగుతాదంటే కాదేటే డ్రమ్ము కొనేది? దీదీ పోయి వదిన వచ్చింది, అదీ వినపళ్ళేదా? ఆడు నీకు ఇష్టమేనా అనడిగాడు. ఊరంతా వినేట్టు ఒప్పేసుకున్నావు.”

అంటే నా పెళ్ళికి నేను సరే అన్న సంగతి ఆఖరున తెలిసింది నాకే.

మొన్న సాయంత్రం ఆయన్ని అడిగాను, ఆ రోజు నేను మొహం మీదే అడిగేసినందుకు చిన్నతనం అనిపించిందా అని. ఆయన చెప్పులేసుకుంటూ “వాన వచ్చేలా ఉంది, పకోడీలకేమైనా తేవాలా?” అన్నాడు. ఆ రోజు కర్టెన్ వెనక నిలబడ్డ పిల్లయితే సంచీ మొహాన విసిరి, ముందు అడిగినదానికి చెప్పు అనేది. నేను సంచీ మడిచి చేతిలో పెట్టి, ఉల్లిపాయలు కాస్త ఎక్కువే తెమ్మన్నాను.