రెండువైపులా అద్దిన చొక్కా

మా సరోజిని మెడలో సిలువ గొలుసుకే ఒక తాళంచెవి కూడా వేలాడుతుంది. చూసినవాళ్లు బీరువాది అనుకుంటారు. బీరువా లేదు, పాడూ లేదు! అది ఇంటి తాళానిది. ఇంట్లో ఉండేది కొడుకు ఫిలిప్.

బందరు శివార్లలో చలపతిరావు గారి కలంకారీ షెడ్డులో నేనూ సరోజినీ ఒకే బల్ల దగ్గర అద్దకం పని చేస్తాం. షెడ్డు గోడకి ఆనుకునే వాళ్లిల్లు. ఫిలిప్‌కి పంతొమ్మిదేళ్లు, ఆటిజం. మాటలు రావు. పిల్లాడు బంగారం, కానీ తలుపు తెరిచి ఉంటే నడుచుకుంటూ వెళ్లిపోతాడు. ఒకసారి గిలకలదిండిలో, బోట్లు కట్టే చోట, నీళ్ల అంచున దొరికాడు. తండ్రి దానియేలు ఐసు లారీ తోలుతూ ఎప్పుడూ రోడ్ల మీదే. ఇంక సరోజిని ఏం చేస్తుంది? పొద్దున్నే వాడికి అన్నం పెట్టి, బయట తాళం వేసి పనికి వస్తుంది. వస్తూనే అద్దకం చెక్క అచ్చు మీద పిడికిలితో రెండు దెబ్బలు వేస్తుంది. గోడ అవతల నుంచి ఫిలిప్ రెండు దెబ్బలు కొడతాడు. నేనిక్కడే ఉన్నానని తల్లి, నేనూ ఉన్నానని కొడుకు. రోజంతా వాళ్లిద్దరికీ అదే మాట.

"తాళం వాడొక్కడికే పడిందనుకుంటారక్కా అందరూ," అంది సరోజిని ఒకరోజు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవర్ని తిట్టాలో తెలియక రంగు పళ్లేన్ని తిట్టాను.

కిందటేడు శ్రీదుర్గ మేడం షెడ్డుకి వచ్చింది. ఇలాంటి పిల్లల కోసం ఊళ్లో ఒక సంఘం నడుపుతుంది. న్యూరోడైవర్సిటీ పండగ చేస్తున్నారట. మనుషుల బుర్రలన్నీ ఒకేలా పనిచేయవు, ఆ తేడాని దాచుకోకుండా పండగ చేసుకోవాలని దానర్థమట. అందుకు గుర్తుగా ఒక డిజైను వేసిస్తే, ఆ గుడ్డతో చొక్కాలు కుట్టించి పిల్లల్ని స్టేజీ ఎక్కిస్తామంది. ఆటిజానికి గుర్తు ఇదేనంటూ ఫోనులో పజిల్ ముక్కల బొమ్మ చూపించింది.

సరోజిని దాని వంక చూసి, "మావాడిలో ముక్కేం తగ్గలేదండీ," అంది. చలపతిరావు గారు కళ్లతో వారిస్తున్నా ఆగలేదు. "డిజైను నేను వేస్తానండీ. కానీ ఆ రోజు మా ఫిలిప్ కూడా వస్తాడు. ఆ ఒక్కరోజూ వాడి మీద ఎవరూ గడియ వెయ్యకూడదు."

"అయ్యో, అదేం మాటండీ! పండగే వాళ్లది కదా!" అంది మేడం.

ఆ ఒక్కరోజు కోసమే సరోజిని ఆ పని నెత్తికెత్తుకుంది.

ఫిలిప్ చొక్కా ఎప్పుడూ తిరగేసే తొడుక్కుంటాడు. కుట్లు ఒంటికి తగిలితే ఓర్చుకోలేడు. వీధిలో ప్రతివాడూ "తిరగేశావురా ఫిలిప్పూ" అనేవాడే. డిజైను అందులోంచే పుట్టింది. ఒక తీగ, దానికి ఏ రెండూ ఒకేలా లేని ఆకులు. అది గుడ్డకి రెండువైపులా ఉండాలి. అంటే ప్రతి ఆకుకీ అద్దంలో కనిపించేట్టు ఎదురు అచ్చు చెక్కించి, ఒకవైపు అద్ది, ఆరాక తిప్పి, ఆకు మీద ఆకు పడేలా మళ్లీ అద్దాలి. వెంట్రుకవాసి జరిగినా గుడ్డ పాడే. ఎన్ని పాడయ్యాయో! చలపతిరావు గారు నెత్తి కొట్టుకున్నారు. నేనూ ఊరుకోలేదు.

"లోపలివైపు ఎవరు చూసొచ్చార్లే సరోజినీ, చాలించు!"

"లోపలేదో బయటేదో తెలియకూడదక్కా. అప్పుడింక తిరగేశావని వాణ్ణి ఎవరంటారు?"

చివరికి కుదిరింది. ఎంత తిప్పి చూసినా నాకే తేడా తెలియలేదు. మిగతా పిల్లల చొక్కాలు టైలరు కుట్టాడు. ఫిలిప్‌ది మాత్రం సరోజిని కాలవలో జాడించి, మెత్తబరిచి, కుట్లు బయటికి వచ్చేలా తనే కుట్టింది. వాడు తొడుక్కుని ఇంక విప్పనిస్తేనా! నాకు ఏడుపొచ్చేసింది.

పండగరోజు సరోజిని తాళం, తాళంచెవీ ఇంట్లోనే పడేసి, తలుపు దగ్గరికి వేసి, ఫిలిప్ చెయ్యి పట్టుకుని వచ్చేసింది. "దొంగలు పడితేనో?" అన్నాను. "పడనీ అక్కా!" అని నవ్వింది. మెడలో సిలువ ఒక్కటే ఉంది.

హాల్లో పిల్లల్ని పక్కగదిలో కూర్చోబెట్టారు. సరోజినిని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. మేడం మైకులో మాట్లాడుతుండగా పక్కగదిలోంచి ఒక కేక. తర్వాత తలుపు వేసిన చప్పుడు. ఆ వెంటనే తలుపు మీద రెండు దెబ్బలు.

ఎవరికీ పట్టలేదు. సరోజిని మాత్రం శాలువా అక్కడే జారవిడిచి స్టేజీ దిగింది. నేనూ వెనకే పరిగెత్తాను. మిగతా పిల్లలంతా వరండాలో ఉన్నారు. గది బయట గడియ వేసి ఉంది. దాని ముందు కాపలాగా ఒక కాలేజీ అమ్మాయి.

"చొక్కా తిరగేసుకొచ్చాడండీ. ఫొటోలో కుట్లు కనిపిస్తాయని సరిచేసి తొడిగాం. అంతే, మీద పడిపోయాడు. ప్రోగ్రాం అయ్యేదాకా అని…"

ఆ అమ్మాయిని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. సరోజిని ఆ అమ్మాయిని దాటుకుని వెళ్లి గడియ తీసింది. ఫిలిప్ చొక్కా విప్పి, ఒళ్లో పెట్టుకుని, మూలకి ఒదిగి కూర్చున్నాడు. తను లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. లోపలి గడియ పడింది.

మైకులో పిలుస్తున్నారు: "డిజైనర్ సరోజిని గారు ఎక్కడున్నా స్టేజీ మీదికి రావాలి."

నాకేం చేయాలో తోచలేదు. పిడికిలితో తలుపు మీద రెండు దెబ్బలు వేశాను.

లోపల నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. కాసేపాగి, ఇంకొకరి చేత్తో, ఇంకో రెండు.