ఒక క్లిప్పుకు రెండు బట్టలు

మా అక్క పోయిందని మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఆమె పనిచేసే ఇంటి డ్రైవరు చేశాడు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ బల్ల పక్కనే కూలబడిందట, ఆసుపత్రికి చేర్చేసరికే ఖలాస్ అట. ఈ దుబాయ్‌లో ఖలాస్ అన్న మాట మేం అస్తమానం వాడతాం. పని ఖలాస్, గ్యాస్ ఖలాస్, ఉల్లిపాయలు ఖలాస్. ఆ పూట మాత్రం ఆ మాటన్నందుకు డ్రైవరు మీద ఒళ్లు మండింది. పాపం, అతను మాత్రం ఇంకేమంటాడు.

సొంత అక్కేం కాదు. ఆమెది రాయచోటి దగ్గర, మాది రాజోలు వైపు. ఆమె నమాజు చేసుకునేది, నేను తలగడ దగ్గర వెంకన్న పటం పెట్టుకునేదాన్ని. ఇక్కడ సత్వా అనే పేటలో, ఇళ్లపనికి వెళ్లే తెలుగు ఆడవాళ్లం ఒక గదిలో సర్దుకుని ఉంటాం. కింది మంచం ఆమెది, పై మంచం నాది. పైనుంచి నేను దగ్గితే కిందనుంచి మిరియాల కషాయం గ్లాసు లేచేది.

కరోనా తగ్గాక వచ్చాను నేను. నాకు వచ్చిన ఇంగ్లీషల్లా "యెస్ మేడమ్". అర్థమైనా అదే, కాకపోయినా అదే. మనవాళ్లకు ఇదొక జబ్బు. తిన్నావా అంటే యెస్, తినలేదా అంటే యెస్. అలా ఒకసారి జ్వరంతోనే ఇల్లంతా కడిగి, గదికొచ్చి పడ్డాను. అక్క నుదురు పట్టి చూసింది.

"జరమొచ్చిందని చెప్పినావా?"

"చెప్పానక్కా. ఫీవర్ అన్నాను."

"ఆమేమనింది?"

"వర్క్ అంది."

"నువ్వేమన్నావు?"

"యెస్ మేడమ్ అన్నాను."

నెత్తి కొట్టుకుంది. "అట్ల తునకలు తునకలుగా చెప్తే వాళ్లకు కావల్సిన తునకే ఇనపడుతుంది మే. రెండు మాటలు ముడేసి చెప్పల్ల."

ఆమె చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషంతా మేడం పిల్లలను ఆడిస్తూ, పక్కింటి ఫిలిప్పీన్స్ పనమ్మాయితో కబుర్లాడుతూ పట్టుకుంది. తను పట్టింది మాకు పంచేది. సెలవు రోజున బాల్కనీలో బట్టలారేస్తూ చెప్పేది పాఠం. తాడు చిన్నది, మనుషులం ఎక్కువ, క్లిప్పులు తక్కువ. అందుకని ఒకరి బట్ట అంచు మీద ఇంకొకరి బట్ట అంచు వేసి, రెంటికీ కలిపి ఒక్క క్లిప్పు పెట్టడం మా గదిలో ఆచారం.

"ఇదొక మాట, ఇదొక మాట," అనేది ఒక చేతిలో నా లంగా, ఇంకో చేతిలో తన చున్నీ పట్టుకుని. "నడుమ క్లిప్పు పెట్టకపోతే గాలికి యాడికి పోతాయో ఆ దేవునికే ఎరుక." నీలం క్లిప్పు అండ్. పసుపుది బికాజ్. తెల్లది సో. ఎర్రది బట్. ఏ రంగు క్లిప్పు అందిస్తే ఆ మాట పెట్టి ఒక వాక్యం చెప్పాలి, అప్పుడే తాడు మీద మన బట్టకు చోటు. రానివాళ్లు తడి బట్టలు బకెట్లో పెట్టుకుని నిలబడాల్సిందే.

ఎర్ర క్లిప్పు నాకు ఎంతకీ లొంగేది కాదు. "ఐ హావ్ ఫీవర్, బట్ ఐ వర్క్ మేడమ్" అన్నాను ఒకసారి. గది గదంతా నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు.

"నీ నోట్లోని బట్టును గూడా వాళ్లకే ఊడిగం చేయిస్తావా? ఇను. నో అంటే టికెట్టు చేతిలో పెడతారు. ఉత్త యెస్ అంటే పని మెడకు చుడతారు. యెస్ అనల్ల, రొంతసేపు ఆగల్ల, అప్పుడు బట్ అనల్ల. ఆనక బికాజ్ అని కారణం చెప్పల్ల. కారణం ఇన్నాక కాదనేదానికి ఎవురికైనా రొంత సిగ్గయితాది."

తర్వాత నడుం పట్టేసినప్పుడు మా మేడంతో అలాగే అన్నాను. నోరు తడబడలేదు. ఆమె, రేపు పనికి రావద్దులే, పడుకో అంది. ఆ సాయంత్రం అక్క సేమ్యా పాయసం కాచి, మొదటి గ్లాసు నాకిచ్చింది.

ప్రతి సెలవు రోజునా, మధ్యాహ్నం నమాజయ్యాక, ఆమె కొడుకు ఫోన్ చేసేవాడు. చెడ్డ పిల్లాడు కాదు, అమ్మా అమ్మా అంటూనే మాట్లాడేవాడు. "ఇంకొక్క కాంట్రాక్టు చెయ్యమ్మా, స్లాబు పడితే వచ్చేద్దువు" అన్నాడు. "సరే నాయనా" అంది. స్లాబు పడింది. కొట్టు పెట్టాక రమ్మన్నాడు. "సరే నాయనా." కొట్టూ పెట్టాడు. మేడ మీద గది వేశాక రమ్మన్నాడు. అప్పటికే ఆమె మెట్లెక్కితే గుండె పట్టుకుని నిలబడేది, బామ్ రాసుకుని గ్యాసు అనేది.

నేను పై మంచం నుంచి తల వంచి, "అక్కా, ఎర్ర క్లిప్పు ఏమైంది?" అని ఎగతాళి చేసేదాన్ని.

"అది మేడములకు మే. కన్నబిడ్డ కాడ బట్టా?" అని నవ్వేది. కాసేపటికి గోడవైపు తిరిగి, మాకే చెబుతుందో తనకే చెప్పుకుంటుందో, "నేను ఈడికి పని చేసేదానికి వచ్చినా, పండుకునేదానికి కాదు. ఊర్లో మా అమ్మ గోరీ పక్కన నాకు చోటుంది" అనేది. ఆ మాట గదిలో అందరం విన్నాం.

ఆమె పోయిన రోజు కొడుకు నాకు ఫోన్ చేశాడు. వెక్కుతున్నాడు. "చిన్నమ్మా, పెట్టె ఈడికి వచ్చేసరికి శానా దినాలు పడుతుందంట. మాలో అంత ఆలస్యం చేయకూడదు. ఆడనే మట్టి ఇప్పించండి, పెద్దోళ్లు గూడా అదే చెప్పినారు."

అక్క నేర్పినట్టే ముందు "సరే నాయనా" అన్నాను. ఆగాను. అప్పుడు అన్నాను. "కానీ అమ్మను ఇంటికే పంపిద్దాం. ఎందుకంటే వాళ్లమ్మ పక్కన పడుకోవాలని ఆమె కోరిక."

అవతల ముక్కు చీదుకున్నాడు.

"అమ్మ నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదే చిన్నమ్మా," అన్నాడు. "రావాలని ఉందని గూడా అనలేదు. ఏమడిగినా సరే అనే కదా అనింది. నువ్వు చెప్పేది నిజమేలే, కానీ పెద్దోళ్లు నా మాట ఇనరు. అమ్మే చెప్పింటే, నేను వాళ్లతో కొట్లాడేవాణ్ని."

ఆ పిల్లాడి మీద నాకు కోపం రాలేదు. అక్క మీద వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఊళ్లోవాళ్లందరికీ నోరిచ్చి, తన నోరు కట్టేసుకుని పోయింది.

ఇక్కడే మట్టి చేశారు. డ్రైవరూ, పక్క ఫ్లాట్ కడప కుర్రాళ్లూ వెళ్లారు. ఆడవాళ్లం గదిలోనే ఉండిపోయాం. అక్కడంతా ఇసకే వదినా అని ఒక కుర్రాడు చెప్పాడు. పక్క సమాధి ఎవరిదని అడగబోయి ఊరుకున్నాను.

పనికి వెళ్లే ముందు ఆ పొద్దున ఆమె ఆరేసిన చున్నీ ఇంకా తాడు మీదే ఉంది. అంచు మీద అంచు వేసి, నా నైటీతో కలిపి క్లిప్పు పెట్టింది. నా నైటీ తీసుకోవాలంటే ఆ క్లిప్పు వదలాలి, వదిలితే చున్నీ కింద రోడ్డు మీదకు పోతుంది. ఎండకు రెండూ వెలిసిపోతున్నాయి.