లైన్లో ఉండమన్న పెద్దత్త

పెద్దత్త పోయారని నాన్నగారు ఫోన్లో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆ రోజు గురువారం. గురువారం ఆవిడకి క్లాసు ఉంది. క్లాసు మానేసి ఎక్కడికైనా వెళ్లే మనిషి కాదు. "నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా," అని నాన్నగారు మళ్లీ చెప్పాక, బాబు అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండేళ్లు దాటినా ఒక్క మాటా రాని నా కొడుకు జోయెల్ నోరు తెరిచి ముద్ద కోసం చూస్తున్నాడు. వాడికి మాట వచ్చేదాకా నాకు తోడుంటానన్న మనిషి లేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

పెద్దత్త కరుణమ్మగారు మా నాన్నగారి అక్క. అమలాపురంలో టెలిఫోను ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత నంబర్లకి బదులు మనుషుల్ని కలపడం మొదలుపెట్టారు. మా వంశం ఎక్కడిది, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నదే ధ్యాస. "లైన్లో ఉండండి, కలుపుతాను," అనేవారు. కలిపేవారు కూడా. మా ఇంటికి గ్యాస్ బండ తెచ్చే అతను ఇప్పుడు నన్ను వదినగారూ అంటాడు.

ఆవిడ వారంలో ఖాళీ ఉండేది కాదు. సోమవారం చర్చి హాల్లో బడిపిల్లల పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకునేవారు. ఫోటోలు స్కాన్ చేయడం వచ్చిన వారం చుట్టాల ఇళ్లలో గోడల మీద మేకులే మిగిలాయి. గురువారం ఒక ముసలి పాస్టరుగారి దగ్గర పాత రిజిస్టర్లలోని గొలుసుకట్టు రాత చదవడం నేర్చుకుంటూ, ఆయనకి ఫోన్లో తెలుగు టైపు చేయడం నేర్పేవారు. మధ్యలో వృద్ధాశ్రమంలో సేవ. అక్కడివాళ్లకి గోళ్లు తీసేవారు. "చెయ్యి మన చేతిలో ఉన్నంతసేపూ మనిషి లేచి వెళ్లిపోలేడు కదే," అని నాకు కిటుకు చెప్పారు. పది వేళ్లూ పూర్తయ్యేలోపు తాతముత్తాతలంతా బయటికి వచ్చేవారు.

శనివారం సమాధుల తోటలో తుప్పలు కొట్టించేవారు. అలాగే మా ముత్తాత సత్యానందంగారి సమాధి దొరికిందన్నారు. ఏటా సమాధుల పండక్కి దానికి సున్నం వేయించి, కొవ్వొత్తులు వెలిగించి, మా అందరిచేతా పాట పాడించేవారు. ఒక పండక్కి ముమ్మిడివరం నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల పెద్దాయన మా పాట అయ్యేదాకా మర్యాదగా చేతులు కట్టుకు నిలబడి, "ఏమీ అనుకోకండమ్మా, ఇది మా తాతగారిదండీ," అన్నారు. పేరు ఒకటే, మనుషులు వేరు. మా ముత్తాత రెండు వరసల అవతల గడ్డిలో ఉన్నారు.

మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దత్త మాత్రం, "ఆయ్, పొరపాటేనండి. మరి ఇన్నేళ్లూ మీరెందుకు రాలేదండీ?" అన్నారు.

"మస్కట్‌లో ఉండిపోయేమండీ."

"అయితే కూర్చోండి. మీ తాతగారి పెళ్లి ఏ ఊళ్లో అయ్యింది?"

ఆ తర్వాత రెండు సమాధులకీ సున్నం వేయించేవారు. "ఇన్నాళ్లూ మావాడే అనుకుని ఏడ్చేను. ఇప్పుడు కాదని ఎలా మానేస్తానే?" అన్నారు.

జోయెల్ గురించి నేను దిగులు పడినప్పుడు, ముందు చెవుల డాక్టరుకి చూపించమని ఆవిడే వెంట వచ్చారు. చెవులు బాగున్నాయి, కొన్నాళ్లు చూద్దాం, వాడితో బాగా మాట్లాడుతూ ఉండండి అన్నారు డాక్టరుగారు. నాకు ధైర్యం చాలలేదు. "మనవాళ్లలో ఎవరికి ఆలస్యంగా మాటలొచ్చేయో కనుక్కుంటాను. లైన్లో ఉండు," అన్నారు పెద్దత్త.

రోజూ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చుట్టాలందరికీ ఫోను. అవతలివాళ్లు ఆగినప్పుడల్లా ఊకొట్టేవారు. "ఆయ్... ఆయ్... ఇంతకీ మీకు మాటలెప్పుడొచ్చేయండీ?" మామిడికుదురు బాబాయిగారు అలిగి ఫోను పెట్టేశారు. చివరికి సఖినేటిపల్లి రేవు దాటి నర్సాపురం వెళ్లి, ఒక ముసలామెని అడిగి వచ్చారు. "మీ ముత్తాత తమ్ముడు మూడేళ్లదాకా నోరు విప్పలేదటే. తర్వాత ప్రసంగం మొదలెడితే ఇళ్లల్లో అన్నాలు చల్లారిపోయేవట." నేను చాలా రోజుల తర్వాత నవ్వాను. "లైను కలవలేదంటే అవతల మనిషి లేడని కాదే. కాస్త ఆగాలి," అన్నారు.

అంత్యక్రియలకి ముమ్మిడివరం పెద్దాయన కూడా వచ్చారు. మీరు ఏమవుతారని ఎవరో అడిగితే, "పొరపాటున చుట్టాలమయ్యేమండీ," అన్నారు. నా పక్కన నిలబడి, పెద్దత్త తమ సమాధిని ఎలా చూసుకున్నారో నెమ్మదిగా చెబుతున్నారు. నా చంకలో ఉన్న జోయెల్ ఆయన మొహంలోకే చూస్తున్నాడు. ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగారు.

"ఆయ్," అన్నాడు జోయెల్.

వాడి సంగతి ఆయనకి తెలియదు. చెప్పుకుంటూ పోయారు. మళ్లీ ఆగినప్పుడు వాడు మళ్లీ "ఆయ్" అన్నాడు, అచ్చం ఆవిడలాగే, మిగతాది చెప్పండన్నట్టు.

నా చెయ్యి దానంతటదే ఫోను తీసింది. ఆ కబురు మొదట వినాల్సిన మనిషి ఎదురుగా పూల కింద ఉన్నారు. మనవాళ్లలో మొదటి మాట ఇలా పలికినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో నాకిక కనుక్కుని చెప్పేవాళ్లు లేరు.

పెద్దత్తా, వచ్చే పండక్కి మూడు సమాధులకీ సున్నం వేయిస్తాం. వాణ్ణి తీసుకొస్తాను. మీరు చెప్పండి, వాడు వింటాడు.