అంతకుముందు మేస్త్రీ

ఇళ్ళ కప్పులు కారకుండా బాగుచేసే మేస్త్రీకి ఒకటే జబ్బు ఉండేది. ఏ ఇంటి కప్పెక్కినా సరే, నీళ్ళు దిగే చోటు దొరగ్గానే, తనకంటే ముందు ఆ కప్పు మీద పనిచేసిన మేస్త్రీని తిట్టడం మొదలుపెట్టేవాడు. అవి మామూలు తిట్లు కావు. పెంకుల మీద గొంతుక్కూర్చుని, తాపీ గాల్లో ఆడిస్తూ, వీధి చివరిదాకా వినబడేలా రాగం తీసేవాడు.

"ఎవడండీ ఈ మహానుభావుడు? వీణ్ణి కాదు, వీడి చేతికి తాపీ ఇచ్చినవాణ్ణి అనాలి."

ఆ రాగం వినబడిందంటే కారే చోటు దొరికిందన్న మాట. కింద ఇల్లాళ్ళు బకెట్లూ గిన్నెలూ తీసి లోపల పెట్టేసుకునేవారు.

నూనె కొట్టు యజమాని ఇల్లు కట్టి ఏడాది కూడా కాలేదు. మొదటి వానకే వరండా కారింది. మేస్త్రీ ఎక్కాడు, చూశాడు, అందుకున్నాడు. యజమాని కిందనుంచి, ఇది కొత్త ఇల్లనీ, ఇంతకుముందు ఏ మేస్త్రీనీ పిలవలేదనీ చెప్పాడు. మేస్త్రీ తగ్గలేదు. పిలవకుండానే వచ్చి పాడుచేసి పోయాడంటే వాడెంత దుర్మార్గుడో చూడమని, ఇంకో అరగంట తిట్టాడు.

పోస్ట్‌మాన్ ఇంట్లో ఇంకా చిత్రం జరిగింది. మేస్త్రీ మంచి ఊపులో ఉండగా పోస్ట్‌మాన్ తల్లి బయటికొచ్చి, మూడేళ్ళ కిందట ఆ కప్పు బాగుచేసింది నువ్వే కదా నాయనా అని గుర్తుచేసింది. మేస్త్రీ ఒక్క క్షణం ఆగాడు.

"నేనా? అయితే నాకప్పట్లో పని రాదన్న మాట" అని, ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే మళ్ళీ మొదలుపెట్టాడు.

వీధంతా పిన్నిగారని పిలిచే లెక్కల మాస్టారి భార్య, ఇంట్లో కుట్టుమిషను తొక్కుతూ ఈ తిట్లన్నీ విని నవ్వుకునేది. తన ఇంటికి ఆ మేస్త్రీని పిలవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ ఇంటి కప్పు వేసింది ఆమె సొంత తమ్ముడు. వడ్రంగి. అక్క ఇల్లు కదా అని ఒక్కో వాసం నిమిరి మరీ ఎక్కించాడు. రెండేళ్ళుగా సరిగ్గా మాస్టారి పుస్తకాల బీరువా మీదే నీళ్ళు పడుతున్నాయి. మాస్టారు దాన్ని లెక్కలాగే తేల్చేశారు. కప్పు కారుతోంది, కప్పు వేసింది నీ తమ్ముడు, కాబట్టి, అని ఆపేసేవారు. మిగతాది పిల్లలు పూరించుకోవాలన్నట్టు. తమ్ముడు రెండుసార్లు వచ్చి నాలుగు పెంకులు మార్చి వెళ్ళాడు. మూడోసారి వస్తే మాస్టారు గుమ్మంలోనే నిలబడి, చేసింది చాలన్నారు. అంతే, మళ్ళీ గడప తొక్కలేదు. పిన్నిగారు అతనికి కుట్టిన చొక్కాలు బజార్లో కలుసుకుని ఇచ్చి వచ్చేది.

ఇప్పుడు వీధి వీధంతా వినేలా తమ్ముడికి తిట్లు తప్పవనుకుంది. మాస్టారైతే ముందే పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

మేస్త్రీ వెంటనే ఎక్కలేదు. గదులన్నీ తిరిగాడు. ఎప్పుడెప్పుడు కారుతుందని అడిగాడు. వాన లేకపోయినా చలి పొద్దుల్లో కారుతుందని పిన్నిగారు చెప్పింది. అతను చెక్క సీలింగు వైపు తలెత్తి చూశాడు. తుప్పు పట్టిన ప్రతి మేకుకీ ఒక్కో నీటిబొట్టు వేలాడుతోంది. స్నానాలకు రోజూ ఎన్ని నీళ్ళు కాస్తారో, వంట ఎంతసేపు అవుతుందో అడిగి, అప్పుడు నిచ్చెన ఎక్కాడు.

ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. తిట్టు లేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, మేస్త్రీకి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

పిన్నిగారు టీ గ్లాసు పట్టుకుని తనే నిచ్చెన ఎక్కింది. కప్పు నడినెత్తిన తమ్ముడు గాలి ఆడటానికి నాలుగు కంతలు వదిలాడు. నాలుగూ సిమెంటుతో మూసేసి ఉన్నాయి. దగ్గరున్నదాని మీద, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో గీసిన తేదీ. తేదీ పక్కన టిక్కు. ఆ టిక్కు ఎవరిదో ఊళ్ళో చదువుకున్నవాళ్ళెవరైనా చెప్పగలరు.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట కంతల్లోంచి పావురాలు దూరి మాస్టారి మధ్యాహ్నం నిద్ర పాడుచేశాయి. ఆయన ఎవరినీ పిలవకుండా తనే ఎక్కి మూసేశారు. కింద నిచ్చెన పట్టుకున్నది ఆమే. ఆ తర్వాత ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి మళ్ళీ తట్టలేదు.

మేస్త్రీ ఆమెను చూశాడు. తేదీని చూశాడు. కింద కుర్చీలో మెరుస్తున్న మాస్టారి బట్టతలను చూశాడు. ఉలి తీసి, మొదటి దెబ్బ టిక్కు మీదే వేశాడు.

కిందికి దిగగానే మాస్టారు అడిగారు. "చెప్పవయ్యా, తప్పెవరిది?"

"కప్పు వేసినాయనది కాదు మాస్టారూ. వాన చుక్క కూడా లోపలికి రావట్లేదు."

తర్వాత విడమరిచి చెప్పాడు. వంటింటి ఆవిరీ, స్నానాల గది ఆవిరీ పైకెళ్తాయి. పోయే దారి లేక చల్లటి పెంకుకి తగిలి నీళ్ళవుతాయి. మేకుల వెంట మళ్ళీ ఇంట్లోకే దిగుతాయి. వేసినవాడు తెలిసినవాడు కనకే కంతలు వదిలాడు. ఎవరో మూశారు.

"ఎవరు?"

మేస్త్రీ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "నేనే. పక్కింటి పనికొచ్చినప్పుడు సిమెంటు మిగిలింది. పావురాలు దూరుతాయని మూసేశాను. మంచే అనుకున్నాను."

ఆ పైన తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఎత్తుకున్న రాగం అంతకుముందు ఏ ఇంట్లోనూ ఎత్తుకోలేదు. పక్కింటావిడ స్థిమితపడి లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారి చెవులు ఎర్రబడటం మాత్రం పిన్నిగారు చూసింది.

మధ్యాహ్నం మేస్త్రీ కంతలకు వల బిగించి, పైన టోపీల్లాంటి రేకు మూతలు పెడుతుంటే ఆమె మళ్ళీ నిచ్చెన ఎక్కి, ఉండబట్టలేక అడిగింది.

"నూనె కొట్టు వాళ్ళింట్లో నిజంగా ఎవరైనా మేస్త్రీ ఎక్కాడా?"

"ఆయన తమ్ముడు ఎక్కాడమ్మా. బట్టల తీగకని పెంకుల్లోంచి మేకు దించాడు."

"మరి పోస్ట్‌మాన్ ఇంట్లో?"

"అక్కడ మాత్రం నిజంగా నేనే." స్క్రూ బిగించి చెయ్యి దులుపుకున్నాడు. "కప్పు పాడైందంటే సగం ఇళ్ళల్లో ఇంట్లోవాళ్ళ చేతి చలవేనమ్మా. నేను సాయంత్రానికి దిగి పోతాను. వాళ్ళంతా దాని కిందే కలిసి ఉండాలి కదా."

మర్నాడు సాయంత్రం మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికో చెప్పకుండా బయల్దేరారు. ఎక్కడికని పిన్నిగారూ అడగలేదు.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. చాన్నాళ్ళ తర్వాత అక్క ఇంట్లో పీట వేసుకుని కూర్చుని, జరిగింది చెప్పాడు. బావ వచ్చి, మంచినీళ్ళు తాగి, చాలాసేపు వాళ్ళింటి కప్పు వంకే చూశారట. చివరికి, "కంతలు మూసింది నేను. లెక్క నాదే తప్పింది" అన్నారట. ఆ వెంటనే, "నీ కప్పుకి నూటికి తొంభై ఎనిమిది వేస్తున్నాను" అన్నారట.

"మిగతా రెండూ ఎక్కడికి పోయాయి బావా అని అడిగానక్కా."

"ఏమన్నారు?"

"కంతలకి వల పెట్టలేదు కదా అన్నారు."

లోపలి గదిలోంచి మాస్టారి గొంతు వినబడింది. "అది మాత్రం వాడి తప్పే."