రెండు చేతుల పోలిక

చీరాలలో వాళ్ళ వంటింటి గోడ మీద బల్లికి తోక తెగిపడితే, కొన్నాళ్ళకు దానికి కొత్త తోక రావడం బాలత్రిపురసుందరి చిన్నప్పుడు కళ్ళారా చూసింది. "మరి మనిషికి వేలు తెగితే ఎందుకు రాదు నాన్నా?" అని తండ్రిని అడిగింది. గురునాథంగారు హైస్కూల్లో తెలుగు పండితుడు. దేనికైనా ఒక పద్యం చదివి జవాబు చెప్పే మనిషి. ఈ ప్రశ్నకు మాత్రం ఆయనకు పద్యం దొరకలేదు. "నువ్వే చదివి కనుక్కో" అన్నాడు.

ఆమె నిజంగానే చదివింది. జువాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, 1983లో గుంటూరులో లక్ష్మీనరసింహంగారి దగ్గర పీహెచ్‌డీకి చేరింది. కాలిన చర్మం మళ్ళీ ఎలా పుడుతుందన్నది ఆమె పరిశోధన. చర్మం అడుగు వరసలోనూ, వెంట్రుకల కుదుళ్ళలోనూ కొన్ని మూలకణాలుంటాయి. పైచర్మమంతా కాలిపోయినా అవి బతికుంటే వాటి నుంచే కొత్త చర్మం పుట్టుకొస్తుంది. అందాకా వాటిని ఎండిపోకుండా, చీము పట్టకుండా కాపాడాలి. పుట్టబోయే బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి పొరను కడిగి, కాలినచోట కప్పితే ఆ కాపుదల దొరుకుతుందని అప్పటికే కొందరు రాశారు. ఆ పొర కింద మూలకణాలు నిజంగా త్వరగా పెరుగుతాయా అని త్రిపుర తేల్చాలి.

పొరల కోసం ఆమె రోజూ ఒక పెద్దాసుపత్రిలోని పురుళ్ళ వార్డుకు వెళ్ళేది. అక్కడి ఆయా బసవమ్మకు మొదట్లో ఇది వింతగా ఉండేది. "పెళ్ళికాని పిల్లవి, నీకీ మాయలతో పనేంటమ్మా?" అంటూనే మూత ఉన్న గిన్నెలో పెట్టి ఇచ్చేది. సెలవులకు చీరాల వెళ్తే తల్లి కనకలక్ష్మి కూతురిని వీధి గుమ్మంలోంచి రానిచ్చేది కాదు. పెరటి వైపు నుంచి రమ్మని, నూతి దగ్గర తలస్నానం చేయించి, ఆ తర్వాతే కాఫీ ఇచ్చేది. త్రిపుర నవ్వుకునేది. తను చేసేది మంచిపని అన్న విషయంలో ఆమెకు ఆ రోజుల్లో అనుమానమే లేదు.

1985 జనవరిలో చిలకలూరిపేట అవతలి పల్లె నుంచి వెంకటరావమ్మను ఆసుపత్రికి తెచ్చారు. ముప్పై ఏళ్ళు కూడా లేని రైతు ఇల్లాలు. ధర పెరుగుతుందని తీసిన పత్తినంతా నడింట్లో పోసుకున్నారు. దీపాలు పెట్టే వేళ కిరసనాయిలు బుడ్డి దొర్లి పత్తి అంటుకుంది. లోపలి గదిలో ఉయ్యాల్లో కూతురుంది. వెంకటరావమ్మ మండుతున్న పత్తిని రెండు చేతులతో పక్కకు నెట్టుకుంటూ వెళ్ళి పిల్లను బయటికి తెచ్చింది. పిల్లకు చిన్న గాయం కూడా కాలేదు. తల్లికి మాత్రం రెండు చేతులూ మోచేతుల పైదాకా కాలిపోయాయి.

రెండు చేతులూ దాదాపు ఒకే తీరుగా కాలాయి. ఆ సంగతి చూడగానే త్రిపుర నోటుపుస్తకం తీసింది. ఒకే మనిషి, ఒకే వయసు, ఒకే ఒంట్లో రెండు చేతులు. ఇంతకన్నా మంచి పోలిక ఎక్కడ దొరుకుతుంది? సర్జన్ రామమూర్తిగారితో మాట్లాడింది. ఆయన ఒప్పుకున్నారు. కుడిచేతికి పొర కప్పారు. ఎడమచేతికి వార్డులో అందరికీ రాసే మందు రాసి గుడ్డ చుట్టారు. "కొత్త వైద్యం, మంచిది" అని చెప్పి వెంకటరావమ్మ భర్త వెంకయ్య చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

నాలుగైదు రోజులకే తేడా కనిపించింది. కుడిచేతికి నొప్పి తగ్గింది. ఎడమచేతికి గుడ్డ విప్పినప్పుడల్లా వార్డంతా వినపడేట్టు ఏడ్చేది. ఒకరోజు వెంకటరావమ్మ త్రిపుర కొంగు పట్టుకుంది, కుడిచేతి వేళ్ళ కొసలతో.

"డాట్రమ్మగారూ, ఈ చేతిక్కూడా ఆ పొర వెయ్యొచ్చుగా? మీకు పుణ్యముంటది."

తను డాక్టరు కానని త్రిపుర ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. "దీనికి ఈ మందే మంచిదండీ" అంది.

ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకు తర్వాత ఎన్ని ఏళ్ళు ఆలోచించినా అంతు చిక్కలేదు.

రెండో వారం రామమూర్తిగారే అడిగారు. "ఏమ్మా త్రిపురా, కుడిచెయ్యి చక్కగా వస్తోంది కదా. ఎడమచేతికి కూడా పొర వేసేద్దామా?"

"ఇంకో వారం ఆగుదాం సార్. అప్పుడు రెండు చేతుల నుంచీ చిన్న ముక్కలు తీస్తే నాకు పోలిక పూర్తవుతుంది. ఇప్పుడు మారిస్తే ఇన్నాళ్ళ పనీ వృథా."

ఆయనకు వార్డులో ఇంకా నలభై మంది ఉన్నారు. "సరే, నీ ఇష్టం" అని ముందుకు వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఎడమచేతికి పచ్చటి చీము పట్టింది. ఇక పొర వేసే వీలు లేకపోయింది. జ్వరం వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది గానీ పుండు మానేసరికి మోచెయ్యి వంగిపోయి బిగుసుకుంది. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకున్నాయి. ఇంటికి పంపే రోజున వెంకయ్య బట్టల మూట సర్దుతూ మామూలుగా అన్నాడు.

"కుడిచెయ్యి బాగుపడింది, సంతోషమే. కానీ దానిది పుర్రచెయ్యండి. పత్తి తీసినా, కాయ కోసినా, కలుపు తీసినా ఎడమచేత్తోనే."

ఏ చేత్తో పనిచేస్తావని అడగాలన్న ఊహే త్రిపురకు అంతవరకూ రాలేదు.

పరిశోధన బ్రహ్మాండంగా సాగింది. సూక్ష్మదర్శిని కింద కుడిచేతి ముక్కలో మూలకణాలు వరసలు కట్టి కనిపించాయి. ఎడమచేతి ముక్కలో చీము, చచ్చిన కణజాలం. హైదరాబాదులో ఒక సభలో ఆ రెండు చేతుల ఫోటోలు తెర మీద పక్కపక్కన వేసి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన లేచి "ఇంత స్పష్టమైన తేడా నేనెక్కడా చూడలేదు" అన్నాడు. త్రిపుర వేదిక దిగి వెనక వరసలో కూర్చుంది. అంత స్పష్టమైన తేడా ఎలా వచ్చిందో ఆ హాల్లో ఆమెకొక్కదానికే తెలుసు.

ఆ తర్వాత అన్నం కలుపుతున్నా, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నా తన ఎడమచేతి మీదికి చూపు పోయేది. కొన్ని నెలలు అలా గడిపి, 1986 మార్చిలో చిలకలూరిపేట బస్సెక్కింది.

వెంకటరావమ్మ కల్లంలో ఉంది. ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య కూర్చుని తెల్లబడిన తాలుకాయలు ఏరుతోంది. పక్కన అత్త రాఘవమ్మ రెండు చేతులతో గబగబా ఏరుతుంటే కోడలు కుడిచేత్తో ఒక్కొక్కటే తీస్తోంది. ఘాటుకు త్రిపురకు తుమ్ములొచ్చాయి. వాళ్ళు నవ్వి, నులకమంచం వాల్చి, మజ్జిగ ఇచ్చారు. ఆ మర్యాద ఆమెను ఇంకా కుంగదీసింది.

"ఒకమాట చెప్పాలని వచ్చానండీ. ఈ చేతిక్కూడా పొర వెయ్యమని మీరొకసారి అడిగారు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? దీనికి ఈ మందే మంచిదన్నారుగా."

"అది అబద్ధమండీ. రెండు చేతులకీ తేడా చూడాలని అలా ఉంచాం. తేడా తెలిశాక పొర వేద్దామని పెద్ద డాక్టరుగారు అన్నారు. వారం ఆగమన్నది నేనే. నేను డాక్టర్ని కూడా కాదు. చదువుకుంటున్నాను."

వెంకటరావమ్మ చేతిలో కాయ కిందపడేసింది.

"అంటే నా చెయ్యి నీ చదువుక్కావాల్సొచ్చిందా?"

కల్లం అంచున గోతాలు సర్దుతున్న వెంకయ్య అడ్డం రాబోయాడు. "ఇంటికొచ్చిన మనిషిని అట్టా అనమాకే..."

"నువ్వూరుకో అయ్యా! చెయ్యి నాది." గొంతు కల్లం దాటి వినపడింది. "అడిగుంటే ఒప్పుకునేదాన్నేమో, ఒప్పుకునేదాన్ని కాదేమో. అసలు అడగలా నువ్వు. నేనడిగితే అబద్ధం చెప్పావు. లే, పో ముందు."

త్రిపుర లేచి వచ్చేసింది. తిట్టించుకుంటే బరువు తగ్గుతుందని లోలోపల ఆశపడిందేమో, బస్సులో కూర్చున్నాక తెలిసింది, ఏమీ తగ్గలేదని.

ఆ రోజు ఆమె చెప్పకుండానే వచ్చేసిన మాట ఒకటుంది. బిగుసుకున్న చోట కోసి, తొడ నుంచి చర్మం తెచ్చి అతికిస్తే చెయ్యి కొంత సాగుతుందని రామమూర్తిగారు అన్నారు. నెల తిరక్కుండా ఆ మాట చెప్పడానికి మళ్ళీ వెళ్ళింది. ఈసారి మంచం ఎవరూ వాల్చలేదు.

"మళ్ళీ ఎందుకొచ్చావ్?"

ఆపరేషన్ సంగతి నిలబడే చెప్పింది. "పూర్తిగా మామూలవుతుందని చెప్పలేనండీ. సగం రావచ్చు. అదీ రాకపోవచ్చు."

వెంకటరావమ్మ ముందే ఒక షరతు పెట్టింది. "నీ ఫోటోలూ, నీ ముక్కలు తియ్యడాలూ ఉండకూడదు."

"ఉండవండీ."

"కాయ అమ్మకం అయినాక వస్తాం."

వచ్చారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ త్రిపుర పక్కనే ఉంది. ముద్దలు కలిపి పెట్టింది, తల దువ్వింది. వెంకటరావమ్మ వద్దనలేదు, ప్రేమగా మాట్లాడనూ లేదు. మోచెయ్యి బాగానే చాచుకోగలిగింది. వేళ్ళలో బొటనవేలూ చూపుడువేలూ కదిలాయి, మిగతావి లొంగలేదు. బిందె పట్టుకోగలదు, కూతురికి జడ వేస్తే వదులుగా వస్తుంది. అంతవరకే.

థీసిస్ చివర త్రిపుర ఒక పేజీ అదనంగా రాసింది. ఎడమచేతికి వైద్యం తన కోసమే ఆలస్యమైందని, రోగిని అడగలేదని, అందువల్ల ఈ పోలికను న్యాయమైనదిగా తీసుకోకూడదని. లక్ష్మీనరసింహంగారు చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఇలాంటివి ఎవరూ రాయరమ్మా. ఆగకపోయినా ఆ చెయ్యి అలాగే అయ్యేదేమో, ఎవరు చెప్పగలరు?"

"చెప్పలేమనే రాశాను సార్. ఆపింది నేనని కూడా రాశాను."

ఆయన సంతకం పెట్టారు.

1988లో వైవా జరిగింది. ఆ పేజీ గురించి అడుగుతారని త్రిపుర ఎదురుచూసింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు చర్మపు ముక్కలకు ఏ రంగు వేశారని అడిగాడు, పొరలు ఎంతసేపు నిల్వ ఉంటాయని అడిగాడు. చివరి పేజీ తిప్పి, చూసి, మూసేశాడు. "శుభాకాంక్షలు డాక్టర్ బాలత్రిపురసుందరీ" అన్నాడు. వాళ్ళెవరైనా ఒక్కసారి మందలించి ఉంటే ఆ రోజు ఆమె నిద్రపోయేది.

తర్వాత చీరాల కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. ఆదివారాలు గుంటూరు వెళ్ళి కాలిన రోగులకు పొరలు సిద్ధం చేసి ఇచ్చేది. ప్రతి మంచం దగ్గరా కూర్చుని, ఏం చెయ్యబోతున్నారో, ఏం తెలుసో, ఏం తెలియదో చెప్పి, ఏ చెయ్యి ఎక్కువ వాడతారో అడిగేది. "ఇంతసేపైతే ఎట్లాగమ్మా" అని డాక్టర్లు విసుక్కునేవారు. ఆమె లేచేది కాదు.

మరుసటి ఏడాది వేసవిలో, చీరాలలో బట్టల దుకాణం ముందు వెంకటరావమ్మ ఎదురుపడింది. చుట్టాల పెళ్ళికి చీరలు తీసుకోవడానికి చెల్లెలితో వచ్చింది. కూతురు ఆమె ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరక్కా ఈమె?" అంది చెల్లెలు.

"నా చెయ్యి మీద చదువుకున్నామె" అంది వెంకటరావమ్మ.

ఆ గొంతులో కోపం లేదు. క్షమించినట్టూ లేదు. త్రిపుర కాదనలేదు. రెండు చేతులూ జోడించి, పిల్ల ఏ తరగతిలోకి వచ్చిందని అడిగింది. ఈ ఏడే బళ్ళో వేస్తున్నామని వెంకటరావమ్మ చెప్పింది. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళమని త్రిపుర అడిగితే, ఎండ ముదరకముందే వాడరేవులో సముద్రం చూసి రావాలని, ఇంకోసారి వస్తామని చెప్పి, కూతురితో, చెల్లెలితో కలిసి ఆటో ఎక్కింది.