ఎంగిలి ఉద్యోగం

నా ముక్కు గురించి పోర్ట్‌బ్లెయిర్ రేవంతా కథలుండేవి. వాటిలో ఎక్కువ నేను పుట్టించినవే. ఫెరార్గంజ్‌లో ఎవరైనా పనసపండు కోస్తే బాంబూఫ్లాట్‌లో మా వరండాలో కూర్చున్న నా చేతులకు జిగురంటుకునేది. డిగ్లీపూర్ బస్సు దిగినవాడి చొక్కా వాసన చూసి దారిలో ఏ కొట్టులో ఏం తిన్నాడో, ఆ కొట్టువాడు నూనె ఎప్పుడు మార్చాడో, అసలు మార్చాడో లేదో చెప్పేవాణ్ణి. ఇలాంటి ముక్కును చేపల రేవులో వృథా చేయడం దేశద్రోహం. అందుకని అవతలి ఒడ్డున ఒక హోటలు యజమాని నన్ను తన బార్‌లో పెట్టుకున్నాడు.

ఏటా టూరిస్టుల సీజన్‌కు ముందు చెన్నై ఓడలో యూరప్ తెల్ల వైన్ల శాంపిల్ సీసాలు వచ్చేవి. కొత్త పంటల్లో ఏది నిలబడుతుందో, ఏది మన ఉక్కకు చతికిలబడుతుందో తేల్చడం నా పని. నోట్లో పోసుకుని, పుక్కిలించి, కాస్త గాలి పీల్చి, బకెట్లో ఉమ్మి, ఆపైన ప్రసంగం మొదలుపెట్టేవాణ్ణి. ఒక్క గుక్కలో మల్లెతోట, నిమ్మతొక్క, వానకు తడిసిన రాయి, ఆ రాయి మీద కూర్చున్న పిట్ట కూడా నాకు దొరికేవి. యజమాని తల ఊపేవాడు. అర్థమైందా అని నేనెప్పుడూ అడగలేదు.

శ్రీకాకుళం తీరం నుంచి ఒక్క వల ఆస్తిగా ఓడ దిగిన మా నాన్నకు మాత్రం ఈ పని మింగుడుపడలేదు.

"తాగనిచ్చి ఉమ్మీమంతారేట్రా?"

"అవును నాన్నా."

"ఉమ్మినందుకు జీతమా?"

"నెలనెలా."

"సర్కారీ నౌకరీ కంటే బాగున్నాది," అని, దానికి ఎంగిలి ఉద్యోగమని పేరు పెట్టి, పడవ పడవకూ చెప్పుకొచ్చాడు.

ఆ ఏడాది సీసాల ఓడ రావడానికి కాస్త ముందే నాన్న పోయాడు. ఏడుపు వస్తుందని ఎదురుచూశాను. తువ్వాలు సిద్ధంగా పెట్టుకున్నాను. మామూలు తువ్వాలు కాదు, పడవకు తెరచాపగా కట్టదగ్గది. దాని మడత విప్పే అవసరమే రాలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాను, టీలు అందించాను. ఇంట్లో నా చొక్కా తిరుగుతోంది, నేను లోపల లేను.

పెద్దదినం నాడు నాన్నకు ఇష్టమైన వంజరం చేప పులుసు మా అప్ప వండింది. అక్కను మేం అప్ప అంటాం. పోయినవాడికి పెట్టే కూరను వండేవాళ్ళు మా ఇళ్ళలో రుచి చూడరు. చూస్తే ఎంగిలి, ఆయన ముట్టడు. ఉప్పు అంచనా మీదే వేయాలి. అప్ప వేసింది. ఆమె నీళ్ళకని పెరట్లోకి వెళ్ళగానే, వేసిందో మరిచిందో అని పిన్ని కూడా వేసింది. ఇద్దరూ నియమం తప్పలేదు. ఒడ్డున ఆకులో నాన్నకు పెట్టి, పక్కన గ్లాసుడు రమ్ము పోసి, ఇంటికొచ్చి మేం పంక్తిలో కూర్చున్నాం.

మొదటి ముద్దకే పంక్తి ఆగిపోయింది. బంగాళాఖాతాన్ని సగానికి మరగకాచి వడ్డించినట్టుందట. మా బాబాయి ఎత్తిన చెంబు దించలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి, అన్న మీద ఎంత ప్రేమో అని ఒకావిడ మెచ్చుకుంది.

"పిన్నీ, నువ్వూ ఏసినావా?" అంది అప్ప.

"నువ్వు మరిసిపోనావనుకున్నానమ్మా!"

"అరే బాబా! నాన్న అక్కడ దాహంతో సచ్చిపోతాడు."

"ఇంకోసారేటి సస్తాడే! రమ్ము పక్కనే ఎట్టినాం గదా."

అందరూ నవ్వారు. నేను ఇంకాస్త పులుసు పొయ్యమని ఆకు ముందుకు జరిపాను. అప్ప గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తమ్ముడా, నీకు తెలట్లేదా?"

"ఏంటి?"

"ఉప్పు."

తెలియలేదు. వాసన కూడా లేదు. పులుసు వేడిగా ఉంది, ముక్క మెత్తగా ఉంది, అంతే. జలుబు లేదు, జ్వరం లేదు. భయపడాల్సిన విషయమని తెలుసుగానీ, భయం కూడా కుర్చీలు వేయడానికి వెళ్ళినట్టుంది.

భయపడింది అప్పే. యజమాని డ్రాయర్లో నా పని కోసం మెయిన్‌ల్యాండ్ వాడొకడు పెట్టిన దరఖాస్తు ఉందని ఆమెకు తెలుసు. అతని ముక్కుకు సర్టిఫికెట్లున్నాయి. నా ముక్కుకు నా నోరే సాక్షి.

"ఎప్పట్లాగే మల్లెపూలూ నిమ్మకాయలూ అని సెప్పీ. ఆడికేటి తెలుస్తాది?" అంది.

సరేనని ఫెర్రీ ఎక్కాను. బల్ల మీద ఆరు సీసాలు. వాటిలో నాలుగు సీసాల మూతలు అప్పటికే తీసేశారు. మొదటి రెండూ ఒకే జర్మన్ కొండవి, రీస్లింగ్ అనే ద్రాక్ష, వరుసగా రెండు సంవత్సరాల పంటలు. గ్లాసులో ముక్కు పెట్టాను. లోపల ఎవరూ లేరు. మల్లె అనే మాట పెదవి దాకా వచ్చింది. అప్పుడు రుచి చూడకుండా ఇద్దరు ఉప్పు వేసిన గిన్నె గుర్తొచ్చింది. మూడో చెయ్యి నాదవుతోంది.

"సార్, నాకు వాసన తెలియట్లేదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ."

"బిల్‌కుల్ నహీ?"

"గుండుసున్నా."

యజమాని మనవాడే, ద్వీపంలోనే పుట్టినవాడు. డ్రాయరు వైపు చూశాడు. నేనూ చూశాను.

"నాలుగు ఓపెన్ చేసేశాం భయ్యా. ఉంచితే ఖరాబ్ అయిపోతాయి. తెలిసింది తెలిసినట్టు చెప్పు."

చెప్పాను. చల్లటి ఏడాది రీస్లింగ్ దవడల కింద నీళ్ళూరిస్తోంది, పెట్టుకోవచ్చు. ఎండలు మండిన ఏడాదిది నాలుక మీద నూనెలా పడుకుంది, లేవనంటోంది, మన ఉక్కలో వద్దు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన చాబ్లీ నోరు కడిగి వెళ్ళిపోయింది, వేపుడు చేపకు బాగుంటుంది. ఆస్ట్రియాది నాలుక కొసను పొడుస్తోంది, రెండో గ్లాసు ఎవరూ అడగరు. ఒక్క పువ్వు లేదు, పిట్ట లేదు. అండమాన్ చరిత్రలో అంత బీద ప్రసంగం ఎవరూ చేసి ఉండరు.

యజమాని ఇంకో గ్లాసులో చాబ్లీ పోసుకుని ఒక గుక్క తాగాడు.

"ఇన్ని సంవత్సరాల్లో నువ్వు చెప్పింది ఫస్ట్ టైం సమఝ్ అయ్యింది భయ్యా," అన్నాడు.

నేను పెట్టుకోమన్న రెండూ పెట్టుకున్నాడు. సువాసనకే పేరున్న మిగతా రెండు సీసాలు తెరవకుండా నా చేతికిచ్చాడు. "ముక్కు వచ్చాక చెప్పు. సీజన్ దాకా ఆగుతాను." సీజన్ తర్వాత సంగతి అతను అనలేదు. డ్రాయరుకు తాళం మాత్రం వేశాడు.

ఆ రెండూ మా ఫ్రిజ్‌లో చింతపండు డబ్బా పక్కన పడుకుని ఉండేవి. పొద్దున్నే అప్ప ఎండు నెత్తళ్ళ చేపల డబ్బా తెచ్చి నా ముక్కు కింద మూత తీసేది. రేవు మొత్తాన్ని లేపి కూర్చోబెట్టగల డబ్బా అది.

"వచ్చిందేట్రా?"

"లేదు."

ఒకరోజు మూత తియ్యగానే అప్ప చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది. నేను డబ్బా మీదికి వంగి పీల్చాను, నాకేమీ తెలియలేదు; ఆమెనే చూశాను. వాసన ఉందన్నమాట. ఇంట్లోనే ఉంది.

"మూత పెట్టీ. రేపు మళ్ళీ తీద్దాం," అన్నాను.